దండెం మీద పద్దెనిమిది చొక్కాలు

మా జంక్షన్ ఎలెవన్ ఫుట్‌బాల్ జట్టు పోయిన సీజన్లో పద్నాలుగు మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచింది. ఒకటి డ్రా. మిగతా పదకొండూ ఓడిపోయాం. గెలిచిన రెండింట్లో ఒకటి మా గొప్పేమీ కాదు, రాయచోటి జట్టు వ్యాను దారిలో చెడిపోయి వాళ్లు ఎనిమిది మందితో ఆడారు. నలభై ఒక్క గోల్స్ తిన్నాం. ఎనిమిది జట్ల జిల్లా లీగులో ఆఖరున నిలిచాం. రూలు ప్రకారం మా పేరు కొట్టేయాలి. ఇంకో జట్టు తనంతట తానే తప్పుకోవడంతో బతికిపోయాం. ఈసారి కూడా ఆఖరుకొస్తే మా ఊరు ఎర్రగుంట్ల పేరు లీగులో ఉండదు.

మాకు కోచ్‌గా ఉన్న రాఘవేంద్రప్రసాద్ రైల్వేలో గుమాస్తా. గుంతకల్లుకు బదిలీ అయి వెళ్లిపోయాడు. వీడ్కోలు చెప్పేటప్పుడు ఆయన మొహంలో బాధ కంటే నిమ్మళమే ఎక్కువ కనపడింది. క్లబ్బు ప్రెసిడెంటు పెద్దసుబ్బయ్యకు బజారులో హార్డ్‌వేర్ అంగడి ఉంది. ఏప్రిల్ ఆఖర్లో ఆయన నన్ను అంగడికి పిలిపించి మేకుల డబ్బాల మధ్య నిలబెట్టి చెప్పాడు.

"రబ్బానీ, ఇంక నువ్వే కోచ్. వేరే ఎవురూ ఒప్పుకోవడంల్యా. ఆడుకుంటానే జట్టును గూడా చూసుకో. పిల్లోళ్లు నీ మాట ఇంటారు."

వినక ఏం చేస్తారు? సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో పనిచేస్తాను. ఆ మిషన్ల మోతలో పదిహేనేళ్లు అరిచి అరిచి నా గొంతు అట్లా తయారైంది. మైదానంలో నేను అరిస్తే రోడ్డు మీద లారీలు ఆగుతాయని మావాళ్లు నవ్వుతారు. నాకు ముప్పై ఆరేళ్లు. పన్నెండేళ్లుగా జట్టులో నాలుగో నంబరు నాది. వెనక వరసలో, గోలుకు ముందు ఎడమ పక్క నిలబడి కాసేవాణ్ని. కోచ్ అనే మాట వినగానే ఒళ్లు పొంగిన మాట నిజం.

మా జట్టులో ఎవరిని ఉంచామో ఎవరిని తీసేశామో నోటితో చెప్పే అలవాటు లేదు. కోచ్ పద్దెనిమిది పేర్లు కాగితం మీద రాసి స్టేషన్ రోడ్డులో టైలర్ సైఫుల్లాకు ఇస్తాడు. ఆయన చొక్కాల మీద పేర్లూ అంకెలూ కుట్టి, అంగడి తలుపు నుంచి కరెంటు స్తంభం దాకా కట్టిన దండెం మీద ఆరేస్తాడు. ఆ సాయంత్రం జట్టంతా ఏదో పనున్నట్టు ఆ రోడ్డులో తిరుగుతుంది. పేరుంటే జట్టులో ఉన్నట్టు. లేకపోతే ఆగకుండా ముందుకు నడిచిపోతారు. అడగడాలు లేవు, కొట్లాటలు లేవు. ఇంత మంచి పద్ధతి ఇంకెక్కడా లేదని నేను పన్నెండేళ్లు అనుకున్నాను. ఎందుకంటే ఆ పన్నెండేళ్లూ నా పేరు దండెం మీద ఉంది.

చిక్కు ఏమిటంటే, ఆ టైలర్ సైఫుల్లాయే మా గోల్‌కీపర్. పదిహేనేళ్లుగా ఒకటో నంబరు ఆయనదే. జట్టు కాగితం ఎవరికంటే ముందు చదివేదీ ఆయనే.

నాకంటే మూడేళ్లు పెద్ద. అన్నా అని పిలుస్తాను. నేను మొదటిసారి మైదానానికి హవాయి చెప్పులతో పోతే తన బూట్లు విప్పి నాకిచ్చి, తాను ఒట్టికాళ్లతో గోలులో నిలబడినవాడు. నా నిఖాకు షేర్వాణీ కుట్టింది ఆయనే. మా నాయన పోయినప్పుడు మూడు రోజులు అంగడి మూసి మా ఇంట్లోనే ఉన్నాడు. ఇంతకంటే ఏం చెప్పాలి?

కానీ నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. పోయిన సీజన్లో మేం తిన్న ప్రతి గోలూ అందులో రాసుకున్నాను. ఏ జట్టు, ఎన్నో నిమిషం, గోలులో ఏ మూల. నలభై ఒకటిలో ఇరవై ఆరు కింద కుడి మూలకు పోయినవే. మా మైదానం నిండా నాపరాళ్ల పొట్టు. దాని మీద దూకితే చర్మం లేచిపోతుంది. రెండేళ్లుగా మోకాలు బాగాలేక సైఫన్న దూకడం మానేశాడు. నిలబడే కాలు చాపేవాడు. కాలు అందేలోపల బంతి లోపల ఉండేది. పెద్దసుబ్బయ్యకు ఆ నోటుబుక్కు చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఇంగ చెప్పేదేముంది?" అన్నాడు.

మే మొదటి వారంలో ఎంపికలు పెట్టాం. ఎండ ముదరకముందే పొద్దున ఆరింటికి. మంగంపేట గనుల్లో పనిచేసే వంశీ అనే ఇరవై మూడేళ్లవాడు ముందురోజు రాత్రే రెండు బస్సులు మారి వచ్చాడు. గోలులో నిలబడి మొదటి బంతికే కుడి మూలకు దూకాడు. లేచేసరికి మోచేతి నుంచి రక్తం కారుతోంది. దాన్ని నిక్కరుకు తుడుచుకుని "ఇంకోటి కొట్టండన్నా" అన్నాడు. గోలు వెనక నిలబడి చప్పట్లు కొట్టింది సైఫన్న ఒక్కడే.

"శానా బాగుండాడప్పా ఈ పిల్లోడు," అన్నాడు నాతో. నేను ఆయన మొహం చూడలేక నోటుబుక్కులోకి చూశాను.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. అయ్యన్న అని, సున్నపురాయి లారీ నడుపుతాడు, వెనక వరసలో ఆడతానని వచ్చాడు. ఎదురు జట్టులో నిలబెడితే నా కాళ్ల దగ్గర్నుంచి రెండుసార్లు బంతి లాక్కుపోయాడు. ఒక పరుగు పందెంలో నన్ను మూడు గజాలు వెనకేశాడు. ఎండ కళ్లలో పడిందని అందరికీ చెప్పాను. నిజానికి అప్పుడు సూర్యుడు నా వీపు మీద ఉన్నాడు.

ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని జాబితా రాశాను. ఒకటి దగ్గర కలం చాలాసేపు ఆగింది. చివరికి వంశీ అని రాశాను. రెండో కీపర్‌గా మారెన్న ఉన్నాడు, అవసరమైతే వాడు ముందు వరసలోనూ ఆడతాడు. సైఫన్నకు చోటు లేదు. నాలుగు దగ్గర కలం ఆగనే లేదు, రబ్బానీ అని దానంతటదే రాసుకుంది. అయ్యన్నకు కూడా చోటు చాలలేదు. కుర్రవాడు కదా, వచ్చే ఏడు చూద్దామనుకున్నాను.

మా ఆవిడ శిరీన్ కాగితం తీసుకుని చదివింది. "ఇది సైఫన్నకు నీ చేత్తో ఇస్తావా?" అంది.

"ఇయ్యక?" అని కసిరాను. ఆమె కాగితం నా ముందు పెట్టి వంటింట్లోకి పోయింది.

ఆ వారమంతా ఇవ్వలేకపోయాను. పై వారం శుక్రవారం సాయంత్రం దండెం మీద చొక్కాలు ఆరాలి. ఆ మీది సోమవారం కడపలో లీగు వాళ్లకు పేర్లు అప్పగించాలి. ఈసారి పెద్దసుబ్బయ్య కొత్త నీలం చొక్కాలు తెప్పించాడు. పేర్లు లేకుండా మూటకట్టి మా ఇంటి బీరువాలో ఉన్నాయి. రోజూ డ్యూటీకి పోతూ స్టేషన్ రోడ్డు మీదుగానే పోవాలి. రోజూ సైఫన్న మిషన్ ఆపి తల బయటికి పెట్టేవాడు.

"ఏమప్పా కోచ్, చొక్కాలు ఎప్పుడిస్తావు? తెల్లదారం తెచ్చిపెట్టుకోని కూచున్యా."

"ఇంగా రాల్యాన్నా. పార్సిల్లో వస్తాండాయంట."

మొదటి రోజు అబద్ధం గొంతులో అడ్డం పడింది. రెండో రోజు పడలేదు. మూడో రోజు ఆ రోడ్డే మానేసి రైలు పట్టాల అవతల నుంచి చుట్టు తిరిగి పోయాను. రాత్రిళ్లు నిద్ర లేదు. జట్టు నిలబడాలంటే ఆయన్ను తీసేయాలి. తీసేస్తే ఆయన నా మొహం చూస్తాడా? ఇది తప్ప ఇంకో ఆలోచన లేదు. ఇంట్లో అందరి మీదా అరిచాను. అన్నంలో రాయి వచ్చిందని గిన్నె తోసేశాను. రాయేమీ లేదు.

పై వారం మంగళవారం నాకొక తెలివైన ఆలోచన తట్టింది. తెలివైనదని అప్పుడు అనుకున్నాను. చొక్కాల మూట బండికి కట్టుకుని ప్రొద్దుటూరు పోయాను. అక్కడ ఖాదర్ మొహిద్దీన్ అనే పెద్దాయన టైలరింగ్ అంగడి ఉంది. చొక్కాలూ జాబితా ఆయన చేతిలో పెట్టాను. శుక్రవారం మూడు గంటలకు సిద్ధంగా ఉంటాయన్నాడు. వాటిని తెచ్చి క్లబ్బు గదిలో పంచేస్తే సరిపోతుంది, దండెం సంగతి ఎవరైనా అడిగితే కొత్త కోచ్ కొత్త పద్ధతి అంటాను. ఆయనకు ఆ కాగితం చదివే బాధ తప్పించానని నాకు నేనే చెప్పుకున్నాను. సోడాబండి దగ్గర ఆగి నన్నారి షర్బత్ తాగాను. వారం తర్వాత మొదటిసారి నోటికి రుచి తెలిసింది.

శుక్రవారం మూడింటికి పోతే మొహిద్దీన్ నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"నువ్వు మళ్లా ఈడికెందుకు వచ్చినావు? సైఫుల్లా చెప్పల్యా?"

"ఏం చెప్పాల?"

"నేను యాడ కుట్టేదప్పా పేర్లు! పాంట్లు, చొక్కాలు కుడతా గానీ జెర్సీల పని మేమంతా మీ ఊరి సైఫుల్లాకే పంపుతాం. ఆయప్ప మాదిరి అక్షరం ఈ చుట్టుపక్కల ఎవురికీ రాదు. నీ మూట బుధవారమే బస్సులో ఏసినా. కాగితం గూడా లోపలే పెట్టినా. మీ ఊర్లోనే ఆయన్ని పెట్టుకోని ఇంత దూరం ఎందుకొచ్చినాడబ్బా ఈ మనిషి అనుకున్యా."

బుధవారం. అంటే నా చేతిరాతతో రాసిన కాగితం రెండు రోజులుగా ఆయన దగ్గరుంది. నా అబద్ధాలు కూడా.

పాతిక నిమిషాల దారి. వడగాలి మొహాన కొడుతుంటే బండి నడిపాను. ఏం చెప్పాలో వాక్యాలు పేర్చుకున్నాను, ఒక్కటీ నిలబడలేదు. ఆయన చొక్కాలు చించి పారేసి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. అప్పుడు కనీసం నేను కోపం తెచ్చుకోవచ్చు.

చొక్కాలు చిరగలేదు. ఇస్త్రీ చేసి బల్ల మీద దొంతరగా పేర్చి ఉన్నాయి. పక్కనే నా కాగితం, ఎగిరిపోకుండా దాని మీద కత్తెర. సైఫన్న తల ఎత్తకుండా, "రా, కూచో," అన్నాడు. కోచ్ అనలేదు, రబ్బానీ అనీ అనలేదు.

దొంతర మీద మొదటి చొక్కా ఒకటో నంబరు. వంశీ అని తెల్లదారంతో ఎంతో అందంగా కుట్టి ఉంది. మోచేతుల దగ్గర ఏదో మందంగా కనిపించింది.

"మందం బట్ట రెండు మడతలు పెట్టి కుట్టినా," అన్నాడు నా చూపు గమనించి. "ఆ పిల్లోడు రాళ్ల మీద దూకుతాడు కదా."

"అన్నా, నేను..."

"ఫస్టు నేనడిగేదానికి చెప్పు. ప్రొద్దుటూరికి ఎందుకు పోయినావు?"

"నీకు నా చేత్తో ఇయ్యలేకపోయినా."

ఆయన మిషన్ మీద నుంచి చెయ్యి తీశాడు. "నా మోకాలు సంగతి నాకు తెలీదా? మిద్దె మెట్లు ఎక్కలేక కింద వాకిట్లో పండుకుంటాండా. నువ్వు నా పేరు రాసినా నేనే వద్దనేవాన్ని. ఆ ఒక్క మాట వచ్చి అడిగింటే చెప్పేవాన్ని. నువ్వు అడగల్యా. గోలులో నిలబడేది దినానికి ఒక గంట. ఈ మిషన్ ముందర కూచునేది దినమంతా. నువ్వు ఆ గంటే కాదు, ఈ పని గూడా నా చేతుల్లోంచి తీసి ఇంకొకరికి ఇచ్చినావు. నేను కుళ్లుతో పిల్లోని పేరు వంకర కుడతాననుకున్యావా?"

నేను తప్పు ఒప్పుకోవాల్సిన చోట అది. కానీ నా గుణం ఎట్లాంటిదంటే, తప్పు నాదైతే నా గొంతు ఇంకా పెద్దదవుతుంది.

"నలభై ఒక్క గోల్స్ పోయినాయన్నా! నేనేం చేయాల? చూడు!" అని సంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద కొట్టాను. కత్తెర ఎగిరి కింద పడింది.

ఆయన నెమ్మదిగా వంగి, మోకాలు పట్టుకుని, కత్తెర తీసుకున్నాడు. తర్వాత నోటుబుక్కు తెరిచి పేజీలు తిప్పాడు.

"బంతి యాడ పడిందో అంతా రాసినావు," అన్నాడు. "యాన్నుంచి వచ్చిందో ఒక్కటీ రాయల్యా."

"అంటే?"

"నేను నీ ఎనకాల నిలబడినోన్ని రబ్బానీ. నీ వీపు మీద నాలుగు అంకె నేనే కుట్టి, దాన్ని చూస్తానే పన్నెండేండ్లు ఆడినా. ముందు ఆ అంకె దాటి బంతి వచ్చేది కాదు. పోయిన ఏడు ఆ అంకె ఎప్పుడు చూసినా బంతికి ఎనకాలే పరిగెత్తుతాండె. నీ ఎడమ పక్కన్నుంచి వచ్చి అడ్డంగా కొడితే బంతి యాడికి పోతాది? నా కుడి మూలకే."

"ఎన్ని?" అన్నాను.

"నేను లెక్క రాసుకోలేదు. నీ బుక్కే ఉండాది కదా, గుర్తుచేసుకో."

స్టూలు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చూశాను. కడప జట్టుతో రెండో గోలు, వాళ్ల ముందువరస వాడు నా భుజం పక్కనుంచి దూరాడు. రాయచోటితో రెండోసారి ఆడినప్పుడు పన్నెండో నిమిషం, నేను జారిపడ్డాను. జారిపడ్డానా, అందుకోలేకపోయానా? జమ్మలమడుగుతో మూడు, మూడూ నా వైపే. ప్రతి గోలు తర్వాతా నేను వెనక్కి తిరిగి సైఫన్న మీద అరిచిన అరుపు కూడా గుర్తొచ్చింది. పంతొమ్మిది దాకా వచ్చి బుక్కు మూసేశాను. ఇంకా పేజీలు ఉన్నాయి.

"అప్పుడే చెప్పొచ్చు కదన్నా."

"మైదానంలో అరిచేది నువ్వు. నేను గూడా అరిస్తే పిల్లోళ్ల ముందర నీ పరువు పోతాదని గమ్మునున్యా. నా తప్పు అది. జట్టు పాయె."

ఆయన లేచి చొక్కాలు తీసుకుని బయటికి పోయి దండెం మీద ఒక్కొక్కటే ఆరేశాడు. అప్పటికే ఎండ తగ్గింది. రోడ్డుకు అవతల టీ బంకు దగ్గర మావాళ్లు ఇద్దరు ముగ్గురుగా చేరి, ఇటు చూడనట్టు చూస్తున్నారు. నేను లోపలే కూర్చుని లెక్కపెట్టాను. పదిహేడు. పద్దెనిమిదోది మిషన్ మీద ఉంది. నాలుగో నంబరు. అంకె కుట్టి ఉంది, దాని పైన పేరు ఉండాల్సిన చోట ఒట్టి నీలం బట్ట.

సైఫన్న తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించాడు.

"కోచ్ నువ్వు. నువ్వు ఏ పేరు చెప్తే అది కుడతా. రబ్బానీ అంటే రబ్బానీ అనే కుడతా, ఒక్క మాట అనను. కాకపోతే నీ నోటితో చెప్పు. నా పేరుకు చేసినట్టు కాగితం పంపొద్దు."

నా ఒంటి మీద ఆ చొక్కా లేని ఆదివారాన్ని ఊహించుకోబోయాను. చేతకాలేదు. పన్నెండేళ్లు వారమంతా సిమెంటు దుమ్ములో బతికింది ఆ గంటన్నర కోసమే. దాన్ని వదిలి గీత బయట నిలబడాలంటే భయమేసింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, చచ్చేంత భయమేసింది.

అప్పుడే అయ్యన్న వచ్చాడు. లారీ ఎక్కడో ఆపి, మెడలో తువ్వాలుతో దండెం పక్కన నడుస్తూ ఒక్కో పేరూ చదివాడు. ఆఖరి చొక్కా దాకా పోయాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, ఆగకుండా స్టేషన్ వైపు నడిచాడు. మా పద్ధతి ప్రకారం ఎవరూ పిలవలేదు. వాడు అడగలేదు. ఇంత మంచి పద్ధతి అనుకున్నానే, దాన్ని లోపలి నుంచి చూడడం అదే మొదటిసారి.

"అయ్యన్న," అన్నాను.

"గట్టిగా చెప్పు. మిషన్ మోతలో ఇనపడల్యా."

మిషన్ ఇంకా తిప్పనే లేదు. ఆయన చెయ్యి చక్రం మీద అట్లాగే ఉంది.

లేచి నిలబడ్డాను. ప్యాకింగ్ సెక్షన్లో బస్తా జారితే ఎట్లా అరుస్తానో అట్లా అరిచాను. "నాలుగో నంబరు అయ్యన్న! అయ్యన్న అని కుట్టన్నా!"

టీ బంకు దగ్గర గ్లాసులు ఆగిపోయాయి. స్టేషన్ రోడ్డు అటు చివర అయ్యన్న కూడా ఆగి వెనక్కి తిరిగాడు. మా ఊరి జట్టులో ఒక పేరు నోటితో చెప్పడం అదే మొదలు.

సైఫన్న మిషన్ తిప్పాడు. అక్షరం తర్వాత అక్షరం పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆయన చూసి కూడా చూడనట్టే కుట్టుకుంటూ పోయాడు. కుట్టడం అయిపోయాక చొక్కా ఎత్తి నా ముందు పెట్టాడు, దారం కొస తెంపమని. తెంపాను.

అయ్యన్న గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అన్నా, అది నీ నంబరు గదా," అన్నాడు నాతో.

"కాదు, నీదే. పొద్దున ఆరింటికి రా. ఆలస్యమైతే మళ్లా విప్పిస్తా," అన్నాను.

వాడు చొక్కా తొడుక్కోకుండా దాన్ని దండెం మీద ఆరేసి, దాని ముందే నిలబడిపోయాడు. సైఫన్న పక్కనున్న బట్టల మూట జరిపి స్టూలు నా వైపు తోశాడు. కూర్చున్నాను. తర్వాత ఆయనే, "ఆ వంశీకి రేపట్నుంచి నేను నేర్పిస్తా," అన్నాడు. "ఊరికే దూకితే చాలదు, యాడ నిలబడాల్నో గూడా తెలియాల."

"సరేన్నా."

"ఇంక పో, టీ చెప్పు రెండు." మిషన్ మీద గుడ్డ కప్పుతూ నా వైపు చూశాడు. "ఈ ఊర్లోనే చెప్పు. ప్రొద్దుటూరికి పోవద్దు."

కళ్లు తుడుచుకుని రోడ్డు దాటాను.